పెద్దాయనకి రెండు పక్కలా కొత్తవి

ఆ సెలవురోజు పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, క్లినిక్ వెనకున్న షెడ్డుకి వెళ్ళడం, లారీ తలుపులకి లోపలివైపు పలకలు చేసి బిగించడం, భోజనాలవేళకి ఏమీ ఎరగనట్టు ఇల్లు చేరడం. రోజూ జనం నోళ్ళలో గోరంత జాగాలో పనిచేసేవాడికి తలుపంత జాగాలో చెక్క బిగించడం ఓ లెక్కా అనుకున్నాడు.

లారీ మామగారిది. అంటే, ఒకప్పుడు మామగారిది. పొడుగుముక్కు ఉన్న పాతకాలపు నీలం లారీ. దాన్ని నడిపే ఆయన కూతుర్నీ కొడుకునీ పెంచి పెద్ద చేశారు. చూపు మందగించాక మనసు చంపుకుని అమ్మేశారు. తర్వాత కళ్ళకి ఆపరేషన్ అయి చూపైతే తిరిగొచ్చింది గానీ లారీ తిరిగిరాలేదు. అప్పట్నుంచీ కిటికీ దగ్గర కూర్చోవడమే ఆయన పని. వీధిలో ఏదైనా పెద్ద బండి చప్పుడైతే తల ఎత్తుతారు. అది తనది కాదని తెలిశాక దించేస్తారు. ఎత్తి దించే ఆ తలని చూసి చూసి డాక్టరుకి ప్రాణం ఉసూరుమనేది. అలాంటిది, ఊరి చివర ఇటుకబట్టీ వెనక, చక్రాల్లోంచి మొక్కలు మొలిచి ఉన్న అదే నీలం లారీ ఓ రోజు కంటబడితే ఇక ఆగుతాడా? ఇంట్లో ఎవరికీ చెప్పకుండా కొనేశాడు.

ఇంజను సంగతి మెకానిక్ చూసుకున్నాడు. రంగులయ్యాయి. రేపు మామగారి పుట్టినరోజు. పొద్దున్నే ఇంటిముందు హారన్ మోగించాలని డాక్టరు కల. మిగిలిందల్లా తలుపుల లోపలి భాగం. అక్కడున్న పాత అట్టపలకలు వానకి ఉబ్బి, పురుగు తిని, ఎలుకలకి కాపురమై, ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. కొత్తవి కొందామంటే ఆ బళ్ళు తయారుచేసిన కంపెనీయే ఎప్పుడో మూతబడింది.

"పీకి పారేసి వదిలేద్దాం డాక్టరుగారూ. లోపలి రేకు కనిపిస్తే కొంప మునిగిందా?" అన్నాడు మెకానిక్.

"అద్దం దింపే పళ్ళచక్రాలతో సహా అంతా బయటికి కనిపిస్తోందయ్యా! చిగుళ్ళు లేని నోరులా ఉంది. ఆ నోటితో మా మావయ్యగారికి అప్పజెప్పమంటావా? చస్తే కుదరదు. నేను చేస్తాను."

డాక్టరు 'నేను చేస్తాను' అన్నాడంటే ఇక దానికి తిరుగులేదు. వచ్చిన చిక్కల్లా వాళ్ళిద్దరూ పెట్టుకున్న రహస్యపు పేరుతోనే. ఫోన్లో మాట్లాడేటప్పుడు ఎవరికీ అనుమానం రాకూడదని, లారీని 'పెద్దాయన' అని పిలవడం మొదలుపెట్టారు. ఆ జాగ్రత్తే కొంప ముంచింది.

కాఫీ తాగి, బాల్కనీలోకి వచ్చి, సీట్లకి రెగ్జిన్ కుట్టే మేస్త్రీకి ఫోన్ చేశాడు డాక్టరు. బాల్కనీ రెండోచివర ఆరేసిన దుప్పటికి అవతల భార్య నిలబడి ఉందని ఆయనకి తెలీదు.

"పెద్దాయనకి రెండు పక్కలా పాతవి పీకెయ్యాల్సిందే మేస్త్రీ. కుడివైపు మొత్తం కుళ్ళిపోయింది. ఎడమవైపు పురుగు తొలిచేసింది... అబ్బే, ఒక్కటి కూడా మిగల్చను. రేపు పొద్దున్నకల్లా కొత్తవి బిగించెయ్యాలి... స్క్రూలేలే. ముందు కాస్త జిగురు రాసి, సుత్తితో నాలుగు దెబ్బలు వేస్తే అవే సర్దుకుంటాయి... ఆఁ, మా ఇంట్లో మాత్రం తెలియనివ్వకు. తెలిస్తే గొడవైపోతుంది."

దుప్పటి అవతల ఆయన భార్య, పెద్దాయనంటే తన తండ్రే అనుకుంది. మొన్నీమధ్యే తన తండ్రి భోజనం చేస్తూ 'దవడపన్ను సలుపుతోందమ్మా' అంటే, ఈయన చెంచాతో ఆయన పెదవి పైకెత్తి చూసి, 'ఊఁ, దీని సంగతి చూడాలి' అన్నాడు. చూడటమంటే ఇదన్నమాట! అడుగుదామా అనుకుంది. ఇంట్లో తెలియకూడదన్న మనిషి అడిగితే మాత్రం నిజం చెబుతాడా? ఆయన అటు చెప్పులేసుకుని దిగగానే ఇటు తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, ఈ రెండురోజులూ నాన్న నోరు తెరవకుండా చూసుకో."

"మీ నాన్న నోరు మూయించడం నావల్ల ఎప్పుడైనా అయిందటే?"

"వేళాకోళం కాదమ్మా! ఈయన నాన్న పళ్ళన్నీ పీకేసి కొత్తవి పెడతారట. స్క్రూలట, జిగురట. సుత్తి కూడా ఉందట!"

"అల్లుడుగారా? పోవే! ఈగని కూడా కొట్టని మనిషి."

"ఈగలకి పళ్ళుండవమ్మా!"

ఆ మాటతో అత్తగారికి కూడా భయం పట్టుకుంది. కూతుర్ని వెంటనే రమ్మన్నారు. ఇన్సూరెన్స్ ఏజెంటుగా పనిచేసే కొడుకుని కూడా నిద్రలేపారు. ఏది చూసినా అందులో ప్రమాదమే కనిపించే ఉద్యోగం అతనిది. "నేను అనుకుంటూనే ఉన్నాను," అన్నాడు లేస్తూనే. ఏమనుకున్నాడో మాత్రం చెప్పలేదు.

ఇక్కడ షెడ్డుకి వెళ్తున్న డాక్టరుకి దారిలో ఇంకో ఆలోచన వచ్చింది. తలుపుకి చెయ్యి ఆనించుకునే చిన్న దిండు కూడా పెట్టాలి కదా, అది మామగారి మోచేతికి సరిగ్గా అందాలి కదా! ఉజ్జాయింపుగా పెట్టడం ఆయన ఒంట్లో లేదు. జేబులో టేపు ఉంది. తిన్నగా మామగారింటికి నడిచాడు.

మామగారు వరండాలో పేపరు చదువుతున్నారు. అల్లుణ్ణి చూడగానే పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నారు.

"మావయ్యగారూ, కుర్చీలో కాస్త వెనక్కి వాలి కూర్చోండి. ఒక్క నిమిషం పని."

"ఊఁహూఁ," అన్నారు మామగారు పెదవులు బిగించి.

"భయపడకండి, నొప్పేమీ ఉండదు." అది డాక్టరుకి ఊతపదం. ఇంటికి పేపరు వేసేవాడితో కూడా అలాగే అంటాడు.

మామగారు రెండు పెదవులూ లోపలికి మడిచేసుకున్నారు. డాక్టరు ఆయన కుడిచేతిని ఎత్తి, కిటికీ మీద ఆనించినట్టు పెట్టి, కుర్చీ నుంచి మోచేతికి టేపు పట్టి కొలిచాడు. "సరిగ్గా అతికినట్టు సరిపోతుంది," అని తనలో తాను మురిసిపోయి, ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు.

లోపల్నుంచి చూస్తున్న ముగ్గురూ బయటికొచ్చారు. "పళ్ళకీ మోచేతికీ సంబంధం ఏమిట్రా?" అన్నారు అత్తగారు.

"మత్తు, అమ్మా, మత్తు! మోచేతి దగ్గరే ఇంజెక్షన్ ఇస్తారు. మనిషి కొలతని బట్టి మందు," అన్నాడు కొడుకు, రోజూ తనే ఇస్తున్నంత ధీమాగా.

మామగారు అప్పుడు నోరు తెరిచారు. "అంటే నాకు తెలివి లేకుండా చేసి పీకుతారా?"

బ్రేకులు పోయిన లోడు బండిని గుట్టమీద నుంచి ఒంటిచేత్తో దింపిన మనిషి ఆయన. ఆయనకి జీవితంలో ఒక్క భయమే ఉంది. అది అల్లుడి క్లినిక్‌లో ఉండే కుర్చీ. పిల్లనిచ్చేటప్పుడు కూడా, అబ్బాయి మంచివాడే గానీ ఆ వృత్తే కాస్త, అని నసిగారు. ఇప్పుడు ఆలుబిడ్డలు హాల్లో కూర్చుని ఏం చెయ్యాలో తర్జనభర్జన పడుతుంటే, ఆయన చెప్పులు చేతబట్టుకుని పెరటిగుమ్మంలోంచి జారుకున్నారు.

షెడ్డులో పని జోరుగా సాగుతోంది. ఎడమ తలుపు మీద అట్ట ఆనించి, అంచులు గీసి, హ్యాండిల్ ఎక్కడొస్తుందో అక్కడ పిండిముద్ద నొక్కి, పంటికి అచ్చు తీసినంత శ్రద్ధగా అచ్చు తీశాడు డాక్టరు. ఆ అట్టని ప్లైవుడ్ మీద పెట్టి ఒకటి కోశాడు. చూస్తే ముచ్చటేసింది. అదే ఊపులో రెండోదీ కోశాడు. రెంటికీ రెగ్జిన్ అతికించి, అంచులు మడిచి, చిన్నమేకులు కొట్టాడు. ఎడమ తలుపుకి ఒకటి పెడితే తలుపుతోబాటే పుట్టినట్టు కూర్చుంది. రెండోది కుడి తలుపు దగ్గరికి తీసుకెళ్ళాడు.

మెకానిక్ అటూ ఇటూ తిరిగి చూసి, బుర్ర గోక్కున్నాడు. "డాక్టరుగారూ, మన బండికి రెండూ ఎడమ తలుపులే అయ్యుంటే ఎంత బావుండేదో."

"తిప్పి పెడితే?"

"తిప్పితే చెక్క మనవైపుకీ, రెగ్జిన్ ఎలకలవైపుకీ వస్తాయి."

డాక్టరు లారీ మెట్టు మీద కూలబడ్డాడు. ఇన్నేళ్ళ సర్వీసులో ఎవరికీ కుడిపన్ను ఎడమకి కట్టలేదు. ఆ పరువంతా ఒక్క తలుపు తీసేసింది. కానీ ఎంతోసేపు కూర్చోలేదు. లేచి చేతులు దులుపుకున్నాడు. "ఇంకో చెక్క తెద్దాం."

"సెలవు కదండీ, ఒక్క డిపో తెరవలేదు. అయినా పోనిద్దురూ, పెద్దాయనకి ఒక పక్క చాలు."

"ఒక పక్క పళ్ళు కట్టి ఎవర్నైనా ఇంటికి పంపానా నేను?" అంటూ షెడ్డంతా కలియజూశాడు. తర్వాత క్లినిక్‌లోకి వెళ్ళి, ముందుగోడకున్న పెద్ద బోర్డు విప్పుకొచ్చాడు. మందపాటి ప్లైవుడ్. దాని నిండా తళతళలాడే రెండు వరసల పళ్ళు, కింద 'హాయిగా నవ్వండి' అన్న రాత. మెకానిక్ గుండె మీద చెయ్యేసుకున్నాడు.

"బోర్డు మళ్ళీ రాయించుకోవచ్చు. మావయ్యగారి మొహంలో వెలుగు మళ్ళీ మళ్ళీ రాయించలేం. పట్టుకో," అన్నాడు డాక్టరు. ముందుగా మిగిలిన రెగ్జిన్ ముక్కని బల్లమీద పరిచి, జిగురు పూసి ఆరబెట్టాడు. తర్వాత రంపం అందుకున్నాడు.

సరిగ్గా ఆ సమయానికి మామగారు ఇంట్లో లేరన్న సంగతి బయటపడింది. గదులన్నీ వెతికారు, మేడ ఎక్కారు, మంచాలకింద చూశారు. ఏజెంటు బావగారికి ఫోన్ చేశాడు. డాక్టరు చేతులకి జిగురు ఉండటంతో మెకానిక్ ఎత్తాడు.

"మా పెద్దాయన అక్కడికి గానీ వచ్చారా?"

బావమరిది నోట పెద్దాయన మాట వినేసరికి, ఇతనికీ రహస్యం చెప్పేసినట్టున్నారని మెకానిక్ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "ఇక్కడే ఉన్నాడండీ, ఎక్కడికెళ్తాడు! కదలకుండా కట్టేశాంగా. ఒక పక్క అయిపోయింది. రెండో పక్కే కాస్త తిరకాసుగా ఉంది. పొద్దుట్నుంచీ ఒకటే కారడం, ఇందాకే ఆగింది."

ఏజెంటు ఫోను పెట్టేశాడు. "నాన్నని కట్టేశారు," అని మాత్రం అనగలిగాడు. ఆ తర్వాత ముగ్గురూ క్లినిక్‌దాకా పరిగెత్తారు. ముందుగోడ మీద బోర్డు లేదు. "చూశావా అక్కా, బోర్డు కూడా పీకేశాడు! ఆనవాలు లేకుండా చేస్తున్నాడు!" అన్నాడు తమ్ముడు. వెనక షెడ్డు తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపల్నుంచి రంపం చప్పుడు వస్తోంది. ఏజెంటు తలుపు సందులో కన్ను పెట్టాడు. సన్నటి ఆ సందులోంచి అతనికి కనిపించింది తెల్లటి పళ్ళవరస. ఆ వరస మీద ముందుకీ వెనక్కీ ఆడుతున్న రంపం.

"గట్టిగా పట్టుకో, అదురుతోంది," అంటోంది డాక్టరు గొంతు. "ముందుపళ్ళు అయిపోయాయి. దవడపళ్ళే మిగిలాయి."

"నాన్నా!" అంటూ ఏజెంటు నాలుగడుగులు వెనక్కి వేసి, పరుగున వచ్చి భుజంతో తలుపుని గుద్దాడు. గడియ అంత దెబ్బకి ఆగేది కాదు. తలుపుతో పాటు లోపలికి దూసుకొచ్చి, డాక్టర్ని తప్పించుకుని, గిర్రున తిరిగి, జిగురు రాసి ఆరబెట్టిన రెగ్జిన్ మీద వెల్లకిలా పడ్డాడు. లేవబోతే రెగ్జిన్ కూడా వీపుతో లేచింది.

"ఏవండీ, మా నాన్నని ఏం చేశారు?" అంది భార్య రంపం వంక చూస్తూ.

"మీ నాన్నకేం? అరె, మీరంతా ఎందుకొచ్చారు? రేపు కదా తెలియాల్సింది!" అన్నాడు డాక్టరు.

అప్పుడు అత్తగారి చూపు ఆయన వెనక్కి పోయింది. నీలం రంగు. పొడుగు ముక్కు. ఆవిడ వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి ఆనించారు. కూతురు కూడా వెళ్ళింది. చిన్నప్పుడు అరికాలు ఆనించుకుని ఎక్కిన మెట్టు మీద పాదం పెట్టి, మొగుడి వంక చూసింది. దుప్పటి వెనక విన్న మాటలన్నీ ఒక్కొక్కటే దాని అర్థంలో అది సర్దుకున్నాయి. నవ్వాలో ఏడవాలో తెలియక, "జిగురా! జిగురెక్కడైనా పళ్ళకి రాస్తారా అని నాకైనా తట్టలేదు," అంది.

"బావగారూ, ముందు నన్ను ఊడదీయండి," అన్నాడు రెగ్జిన్ తగిలించుకున్న ఏజెంటు.

ఆ గందరగోళంలో అసలు ప్రశ్న అత్తగారికి గుర్తొచ్చింది. "మరి ఆయనేరీ?"

వెతకడానికి ఎవరైనా కదిలేలోపే విరిగిన తలుపు దగ్గర మామగారు ప్రత్యక్షమయ్యారు. ఒక దవడ బూరెలా ఉబ్బి ఉంది. నోట్లో దూది ఉండటం వల్ల మాటలు నలిగి వస్తున్నాయి.

"అల్లుదుగారూ, ఎదురువీధి దాక్తరు దగ్గరికి వెల్లి, నా పల్లు కాపాదమని అదిగాను. ఆయన ఒకతి పీకేశాదు. మీక్కావల్సింది జరిగింది కదా, మిగతావి వదిలె..."

మాట సగంలో ఆగిపోయింది. లారీ కనిపించింది. ఆయన ముందుకి రాబోయారు. డాక్టరు చటుక్కున కుడి తలుపుకి అడ్డం నిలబడి చేతులు చాచాడు.

"ఇప్పుడే కాదు మావయ్యగారూ! ఒక్క అరగంట. ఈ పక్క ఇంకా కాలేదు. మీరలా గోడవైపు తిరిగి కళ్ళు మూసుకోండి."

ఇంత జరిగాక కూడా ఆ మనిషి పట్టు ఆ మనిషిదే. మామగారు బుద్ధిగా స్టూలు మీద గోడవైపు తిరిగి కూర్చుని, దవడ పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. భార్య బోర్డుని పట్టుకుంది, డాక్టరు మిగిలిన దవడపళ్ళు కోశాడు. రెగ్జిన్ మాత్రం బావమరిది చొక్కాని వదల్లేదు. "చొక్కా విప్పండి," అన్నాడు డాక్టరు. చొక్కాతో సహా రెగ్జిన్‌ని చెక్కమీద బిగించి అతికించేశారు. చొక్కా మందానికి పలక పరుపులా మెత్తగా కూడా వచ్చింది. అత్తగారు అంచులు మడిచిపెట్టారు, మెకానిక్ స్క్రూలు బిగించి, కొలత ప్రకారం చేతిదిండు తగిలించాడు, బనీనుతో మిగిలిన ఏజెంటు ఏ మేకు ఎవరికి గుచ్చుకునే అవకాశం ఉందో చెబుతూ వచ్చాడు.

"ఇప్పుడు చూడండి మావయ్యగారూ."

మామగారు లేచి వచ్చారు. లారీ చుట్టూ ఓసారి తిరిగారు. మెట్టెక్కి స్టీరింగ్ ముందు కూర్చున్నారు. చేతులు వాటంతట అవే వెళ్ళి చక్రాన్ని పట్టుకున్నాయి. కుడి మోచెయ్యి కొలిచి పెట్టిన దిండు మీదికి సరిగ్గా వెళ్ళి ఆనింది. డాక్టరు ఛాతీ పొంగింది. మామగారు అద్దం దింపబోయారు. హ్యాండిల్ తిప్పారు. అద్దం సగందాకా వచ్చి ఆగింది. ఆయన నోట్లోంచి దూది తీసి పారేసి, చెయ్యి బయటికి చాపారు.

"స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వండి."

"ఏమైనా వదులైందా మావయ్యగారూ?"

మామగారు ఒక్కో స్క్రూ విప్పి, పలకని జాగ్రత్తగా, అంచు కూడా నలగకుండా తీసి అల్లుడి చేతుల్లో పెట్టారు. "ఏమనుకోకండి అల్లుడుగారూ. బండి కొన్న వారంలోనే పీకేశాను దీన్ని. ఇదుంటే అద్దం దిగదు. నా తర్వాత కొన్నవాడెవడో మళ్ళీ బిగించినట్టున్నాడు." తలుపు లోపలికి చెయ్యి పెట్టి, పళ్ళచక్రాన్ని పిడికిలితో ఒక్కటిచ్చారు. అద్దం వెన్నలా కిందికి జారింది. కిటికీ అంచు మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చున్నారు. ఉబ్బిన దవడ మీద నీళ్ళు జారాయి. అవి నొప్పివి కావని అందరికీ తెలుసు. కాసేపటికి తేరుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఎడమ తలుపు వైపు వంగారు.

ఎడమ సీట్లో అత్తగారు అప్పటికే ఎక్కి కూర్చుని ఉన్నారు. "దీని జోలికొచ్చారంటే ఊరుకోను! ఇన్నేళ్ళూ ఆ రేకు గీసుకుని నా చేతులెన్నిసార్లు చీరుకుపోయాయో మీకేం తెలుసు? మీ వైపు మీ ఇష్టం. ఇది నా అల్లుడు నాకోసం చేశాడు."

మామగారు స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకున్నారు. ఇంజను ఒక్క తిప్పుకే అందుకుంది. కూతురూ కొడుకూ వెనక ఎక్కారు. కొడుకు బనీనులోనే ఉన్నా, బండి నడుపుతున్నది నాన్న కాబట్టి ప్రమాదమేమీ లేదన్నాడు. మెకానిక్ విరిగిన షెడ్డు తలుపుని పక్కకి పట్టుకున్నాడు. లారీ ముక్కు వీధిలోకి తిరిగింది.

అత్తామామల మధ్య ఇరుక్కుని, మెత్తటి పలకని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న డాక్టరుకి, పీకించుకున్నవాళ్ళకి ఎలా ఉంటుందో ఆ రోజే మొదటిసారి తెలిసింది.